చెవికి హాయి... జేబుకీ హాయి

‘‘మామయ్యా, ఫ్యాన్ ఆపినా గుయ్‌మని వినపడుతూనే ఉందేంటి?’’

రాత్రి పదకొండున్నరకి మా మేనకోడలు నా గది గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న ఇది. పిల్ల ఇంటర్ రెండో ఏడాది. మా అక్కావాళ్లు ఉండేది నిడదవోలులో. జేఈఈ చదువు కోసమని హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంచారు. పొద్దునంతా కాలేజీ. సాయంత్రమైతే కంప్యూటర్ ముందు ఆన్‌లైన్ పాఠాలు. తక్కువలో తక్కువ రోజుకి నాలుగు గంటలు చెవులకి హెడ్‌ఫోన్స్ ఉంటాయి. లేచి వెళ్లి చూశా. ఫ్యాన్ ఆగే ఉంది. నాకేమీ వినపడలేదు. అంటే ఆ గుయ్‌మనేది గదిలో లేదు. పిల్ల చెవిలో ఉంది.

మర్నాడే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన చెవిలోకి లైటు వేసి చూశారు. తర్వాత చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, రకరకాల కీచు శబ్దాలు వినిపించి గ్రాఫు తీయించారు. గీత అంతా బాగానే నడిచి 4000 హెర్ట్‌జ్ దగ్గర మాత్రం చిన్న గుంటలోకి దిగి లేచింది. పెద్ద శబ్దాలు చెవిని ఇబ్బంది పెట్టినప్పుడు మొదట తేడా కనిపించేది సాధారణంగా అక్కడేనట. ‘‘ఏం హెడ్‌ఫోన్స్ వాడుతోందమ్మాయి?’’ అని నా వంక చూశారు.

నీళ్లు నమిలా. అవి కొన్నది నేనే మరి. 299 రూపాయలు, పండగ ఆఫర్‌లో. పెట్టె మీద ‘ఎక్స్‌ట్రా బాస్’ అని కూడా ఉంది. ఏ ఫోన్ కొనాలో, ఏ ప్రింటర్ మంచిదో ఈ పేజీలో మీకు చెబుతూ ఉండేవాణ్ణి, ఇంట్లో పిల్ల చెవుల దగ్గరికొచ్చేసరికి మూడొందలతో సరిపెట్టేశా. ఈ వారం కబుర్లు అందుకే వాటి గురించి.

ముందుగా ఓ మాట. చౌక హెడ్‌ఫోన్స్ కాబట్టి చెవి పాడవుతుందని కాదు. వేలు పోసి కొన్నవాటితోనూ చెవిని పాడుచేసుకోవచ్చు. అసలు సంగతేంటంటే... మా హాల్లో రాత్రి ఎనిమిదింటికి అమ్మ సీరియల్. వంటింట్లో కుక్కర్. పైన ఫ్యాన్. ఆ హెడ్‌ఫోన్స్ చెవి మీద వదులుగా కూర్చునేవి, బయటి చప్పుళ్లన్నీ లోపలికి వచ్చేసేవి. వాటిని మించి వినపడాలంటే వాల్యూమ్ పెంచాల్సిందే. పైగా ఆ ఎక్స్‌ట్రా బాస్ ఒకటి! మాట అర్థమయ్యేది ఎక్కువగా హల్లుల వల్ల. స, శ, త, ప లాంటివన్నమాట. వాటి బలం తక్కువ, ఫ్రీక్వెన్సీ ఎక్కువ. దుంయ్‌మనే బాస్ కింద అవి మునిగిపోతాయి. సారు చెప్పేది ‘సైన్’ అన్నారో ‘టైమ్’ అన్నారో తెలియక పిల్ల ఇంకాస్త పెంచేది. అలా అలా తొంభై శాతం దగ్గర ఆగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటుంది. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినొచ్చనే పరిమితి 80 డెసిబెల్స్ దగ్గరుంది. పిల్లలకైతే 75. చిన్న తేడాయే కదా అనుకోకండి. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 83 దగ్గర 20 గంటలు. 90 దగ్గర వారమంతటికీ కలిపి నాలుగు గంటలే. 100 దగ్గర వారానికి ఓ 20 నిమిషాలు! లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నటి రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలుంటాయి. చర్మంలా, గోరులా అవి మళ్లీ పెరగవు. పోయిందంటే పోయినట్టే.

కాబట్టి మేం వెతకాల్సింది చప్పుడు పెంచే హెడ్‌ఫోన్స్ కాదు. తక్కువ చప్పుడుతోనే మాట స్పష్టంగా వినిపించేవి. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే దుకాణంలో సగం పెట్టెలు పక్కన పెట్టేయొచ్చు.

అయితే నేను చేసిన ఇంకో తప్పు హెడ్‌ఫోన్స్ దగ్గర కాదు, కంప్యూటర్ దగ్గరుంది. ఒకప్పుడు కంప్యూటర్ అంటే బీప్ బీప్ తప్ప మరో శబ్దం రాని పెట్టె. పాట వినాలంటే లోపల వేరే కార్డు బిగించాలి. సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ అలా ఇంటింటికీ చేరింది. ఆ తర్వాత ఆ పనంతా మదర్‌బోర్డు మీదున్న చిన్న చిప్పుకే అప్పగించారు. అది అంకెల్ని శబ్దంగా మారుస్తుంది. దాన్నే డాక్ అంటారు. ఇప్పటి చిప్పులు నిజానికి మంచివే. వాటి చుట్టూ ఉన్న సంసారంతోనే గొడవ. పక్కనే ప్రాసెసరు, ఫ్యాను, పవర్ సప్లై... వాటి రొద కొంత పాటలోకి దూరుతుంది.

మా డెస్క్‌టాప్‌లో ఏమీ మోగకుండా ఉత్తినే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మౌస్ కదిపి చూశా. చిర్‌ర్ మంది! కదపడం ఆపితే ఆగింది. మీరూ ఓసారి ప్రయత్నించండి. క్యాబినెట్ ముందున్న రంధ్రంలో పెడితే ఈ రొద ఎక్కువగా రావచ్చు, ఎందుకంటే అక్కడి నుంచి మదర్‌బోర్డు దాకా ఓ సన్నటి తీగ లోపలంతా తిరిగి వెళుతుంది. వెనక ఆకుపచ్చ రంధ్రంలో పెడితే చాలావరకు తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. (గులాబీ రంగుది మైకుకి, నీలం రంగుది బయటి నుంచి శబ్దం తీసుకోవడానికి.)

ల్యాప్‌టాప్ వాళ్లకి మరో బాధ. ఛార్జింగ్ పెట్టగానే స్పీకర్లలో హుమ్‌మ్ అని సన్నటి రొద. ఛార్జర్ పీకేసి చూడండి. ఆగిపోయిందంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాకపోవచ్చు. గోడలో ఎర్తింగ్ సరిగా లేకపోయినా, ల్యాప్‌టాప్‌నీ స్పీకర్లనీ వేర్వేరు ప్లగ్గులకి పెట్టినా ఇలా అవుతుంది. రెండింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టట్లేదని ఛార్జర్ మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. అది ఉన్నది పాట కోసం కాదు, ప్రాణం కోసం.

ఇవన్నీ చేసినా రొద పోకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ ఒకటి తెచ్చుకుంటే సరి. బెత్తెడు తోకలా ఉంటుంది. ఓ చివర యూఎస్‌బీ, రెండో చివర హెడ్‌ఫోన్స్ రంధ్రం. లోపల బియ్యపు గింజంత డాక్. కంప్యూటర్ లోపలి రొదకి దూరంగా, బయట పని చేసుకుంటుంది. ఆపిల్ సంస్థ తన ఫోన్ల కోసం తెచ్చిన తోకని పరికరాలతో కొలిచి చూసినవాళ్లు అంత చవక వస్తువులో అంత నాణ్యతా అని ఆశ్చర్యపోయారు. దాన్నే కొననక్కర్లేదు. మామూలు కంపెనీలవీ వెయ్యి లోపు దొరుకుతాయి. మీ కంప్యూటర్‌కున్నది వెడల్పాటి యూఎస్‌బీనా, కోలగా ఉండే టైప్-సీ రకమా చూసుకుని వెళ్లండి. నేను చూసుకోకుండా వెళ్లి రెండోసారి తిరిగాను.

ఈ తోకతో ఇంకో లాభం. ఫోన్ హెడ్‌సెట్ పిన్నుకి మూడు నల్ల గీతలుంటాయి, మైకు కూడా దాంట్లోనే కలిసి ఉంటుంది కాబట్టి. పాత డెస్క్‌టాప్‌లో మైకుకి, స్పీకర్‌కి వేర్వేరు రంధ్రాలు. దాంట్లో ఫోన్ హెడ్‌సెట్ పెడితే వినపడుతుంది గానీ మనం మాట్లాడేది అవతలివాళ్లకి చేరదు. మైకు కూడా పనిచేస్తుందని రాసి ఉన్న తోక అయితే ఆ చిక్కు తీరిపోతుంది.

‘‘ఈ తీగల గోలంతా ఎందుకు? బ్లూటూత్ కొనేస్తే పోలా!’’ అన్నాడు మా ఆఫీసులో సహోద్యోగి. పాటలకైతే నిజంగానే పోతుంది. పాఠాలకి, ఆఫీసు మీటింగులకి మాత్రం ఇక్కడో మెలిక ఉంది. కంప్యూటర్‌లో మైకు ఆన్ చేయగానే మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి. స్టీరియో పోతుంది. అప్పటిదాకా ఇంపుగా ఉన్న గొంతు ఒక్కసారిగా డబ్బాలోంచి మాట్లాడినట్టు అవుతుంది. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయని దుకాణానికి పరిగెత్తినవాళ్లున్నారు. పాడవలేదు, అది దాని పద్ధతి. దీనికి విరుగుడుగా ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతిని 2020లో ప్రకటించారు. అది కంప్యూటర్‌కీ, హెడ్‌ఫోన్స్‌కీ రెండింటికీ తెలిసి ఉండాలి. అంతవరకూ బ్లూటూత్‌తో విని, మాట్లాడేటప్పుడు ల్యాప్‌టాప్ సొంత మైకుని ఎంచుకుంటే కొంత నయం. మా పిల్లకి నేను మాత్రం తీగదే ఖాయం చేశా. ఛార్జింగ్ అయిపోయిందనే సాకు కూడా ఉండదు!

ఆదివారం ఇద్దరం కోఠి వెళ్లాం. బ్యాంక్ స్ట్రీట్, గుజరాతీ గల్లీ... చదువుకునే రోజుల్లో నేను మొదటి స్పీకర్లు కొన్నది ఆ చుట్టుపక్కలే. పెట్టె మీద ఇంత లావు అక్షరాలతో ‘1200 వాట్స్ పీఎంపీఓ’ అని ఉండేది. వీధంతా అదిరిపోతుందనుకున్నా. పక్కింటివాళ్లకి కూడా వినపడలేదు. ఆ పీఎంపీఓకి ఓ లెక్కా పత్రం లేదు, ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అంకె. ఇప్పటికీ యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే బుల్లి స్పీకర్ల మీద వంద వాట్లని కనిపిస్తే నవ్వుకుని వచ్చేయండి. మామూలు యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేదే 5 వోల్టులు, అర ఆంపియర్. అంటే రెండున్నర వాట్లు! అయితే బల్ల మీద దగ్గరగా పెట్టుకుని వినేవాళ్లకి ఆ కాస్తా సరిపోతుంది. రెండు స్పీకర్లూ మీరూ త్రికోణంలా ఉండేట్టు, చెవుల ఎత్తుకి, గోడకి జానెడు ఎడంగా పెడితే ఎనిమిది వందల జత కూడా బాగానే పాడుతుంది. కింద రెండు పుస్తకాలు పెట్టి కాస్త పైకెత్తి చూడండి.

మళ్లీ హెడ్‌ఫోన్స్ దగ్గరికి వద్దాం. దుకాణం కుర్రాడు ముందుగా తీసింది రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ హెడ్‌సెట్. ‘‘అన్నా, ఇది 7.1 సరౌండ్’’ అన్నాడు. చెవికి ఒక్కటి చొప్పున లోపల ఉన్నవి రెండే స్పీకర్లు. మిగతా ఆరూ సాఫ్ట్‌వేర్ చేసే గారడీ. ఆ లైట్లకి పోసే డబ్బు చెవికి చేరదు. తర్వాత తీసిన దాని మీద ‘ఈఎన్‌సీ నాయిస్ క్యాన్సిలేషన్’ అని ఉంది. ఇక్కడ చాలామంది మోసపోతారు కాబట్టి కాస్త ఆగండి. ఈఎన్‌సీ అనేది మైకుకి సంబంధించింది. మీ చుట్టూ ఉన్న రొద అవతలివాళ్లకి వినపడకుండా చేస్తుంది. మీ చెవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మీ చెవికి రొద తగ్గించేది ఏఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా! ఆ ఏఎన్‌సీ కూడా ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజిన్ లాంటి ఒకే తీరు చప్పుళ్లని బాగా తగ్గిస్తుంది గానీ కుక్కర్ విజిల్నీ, అమ్మ సీరియల్లో అత్తగారి కేకల్నీ అంతగా ఆపలేదు. వాటికి మెత్తటి అడ్డుగోడే మందు.

ఆ అడ్డుగోడ రెండు రకాలు. చెవిని మొత్తం కప్పే పెద్ద మెత్తలు, చెవి రంధ్రంలోకి దిగే రబ్బరు బుడిపెలు. చిల్లులున్న ఓపెన్ రకాలు కూడా ఉన్నాయి. వాటి శబ్దం గాలి ఆడినట్టు హాయిగా ఉంటుంది. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రోకి ఇప్పటికీ అభిమానులున్నారంటే ఆ హాయి వల్లే. కానీ మా హాలు లాంటి ఇళ్లకి అవి పనికిరావు. ఏకాంతంగా గది ఉన్నవాళ్లకే.

పెద్ద మెత్తలవే తీసుకుందామనుకున్నా. పిల్ల పెట్టుకుని, ‘‘కళ్లద్దాలు నొక్కుకుంటున్నాయి మామయ్యా’’ అంది. అసలు అది నాకు తట్టనే లేదు. అద్దాల కాడల వల్ల మెత్త పక్కన సందు మిగులుతుంది. ఆ సందులోంచి బయటి రొద లోపలికొస్తుంది, కణతలు నొప్పెడతాయి. పైగా మన ఎండలకి చెమట. పైన తోలులా కనిపించేది రెండు వేసవుల్లో పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకి ఇంకా ముందే. విడిగా మెత్తలు దొరికే మోడల్ అయితేనే కొనండి.

దాంతో బుడిపెల రకానికి వచ్చాం. తీగ ఊడదీసి మార్చుకునే వీలున్నవి ఇప్పుడు పన్నెండు, పదిహేను వందల్లోనే వస్తున్నాయి. ఇయర్‌ఫోన్స్ ఎక్కువగా చచ్చిపోయేది పిన్ను దగ్గర తీగ తెగే కదా. తీగ మారిస్తే చాలు, మళ్లీ బతుకుతాయి. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజు బుడిపెలుంటాయి. చాలామంది ముందే తగిలించి ఉన్న మధ్య సైజుతోనే కాపురం చేసేస్తారు. అది సరిగా బిగుసుకోకపోతే బాస్ మొత్తం కారిపోతుంది. ‘ఇందులో దమ్ము లేదు’ అని తిట్టుకునేది అందుకే. మా పిల్లకి చిన్న సైజు సరిపోయింది, అదీ ఎడమ చెవికి మాత్రమే. కుడి చెవికి మధ్యది. రెండు చెవులూ ఒకేలా ఉండాలని ఎక్కడుంది!

ఓమ్‌ల అంకె కూడా చూడండి. 16 నుంచి 32 లోపు అయితే కంప్యూటరూ ఫోనూ తేలిగ్గా నడుపుతాయి. స్టూడియోల కోసం చేసే 250 ఓమ్‌ల రకాలు ఎవరో మెచ్చుకున్నారని తెచ్చుకుంటే వాటికి వేరే యాంప్లిఫయర్ కొనాల్సి రావచ్చు. ‘20 నుంచి 20,000 హెర్ట్‌జ్’ అన్న రాతని పట్టించుకోవద్దు. మూడొందలవాటి మీదా అదే, ముప్పై వేలవాటి మీదా అదే. బ్లూటూత్ తీసుకుంటే మాత్రం పెట్టె మీద బీఐఎస్ గుర్తు కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరుందో లేదో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరికిచ్చిందో తెలిసిపోతుంది.

ఎలా విని చూడాలి? దుకాణంవాళ్లు పెట్టే డమడమల పాటతో కాదు. దాంతో అన్నీ బాగానే ఉంటాయి. మీకు నోటికొచ్చిన పాటలు ఫోన్‌లో పెట్టుకెళ్లండి. నేను ముందు ఘంటసాల పాట పెట్టా. ఆయన కాలం రికార్డింగులు చాలావరకు మోనో. అంటే రెండు చెవులకీ ఒకే శబ్దం అందుతుంది. అప్పుడు ఆయన గొంతు తలకి సరిగ్గా నడిమధ్యన నిలబడాలి. ఓ పక్కకి జరిగిందంటే రెండు వైపులా సమానంగా లేవన్నమాట. (కృత్రిమంగా స్టీరియో చేసిన పాటతో ఈ పరీక్ష కుదరదు.) తర్వాత ఇళయరాజా పాట. ఆయన బేస్ గిటార్ ఊరికే దుంయ్ దుంయ్ అనదు, నడుస్తుంది. ఆ నడకలో మెట్లు విడివిడిగా తెలుస్తున్నాయా, ముద్దగా ఉందా వినాలి. మూడోది పిల్ల ఎంచుకుంది, వాళ్ల ఫిజిక్స్ సారు పాఠం. వాల్యూమ్ సగానికి తక్కువ పెట్టి, వీధి వైపు నిలబడి, సారు చెప్పింది చెప్పినట్టు నాకు అప్పజెప్పింది. నాలుగు జతల్లో రెండు అక్కడే పోయాయి. మిగిలిన రెంటిలో ఖరీదు తక్కువది 1,250. తోకకి ఇంకో 650. మొత్తం 1,900.

బేరం ఆడలేదా అంటారా? 1,400 చెప్పాడు మరి.

ఇంటికొచ్చాక విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ‘లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్’ అనే మీట ఉంటే ఆన్ చేశా. అది అన్ని కంప్యూటర్లలోనూ ఉండదు. ఒక సారు గొణిగినట్టు, మరో సారు అరిచినట్టు చెబుతుంటే రెంటినీ ఒక స్థాయికి తెస్తుంది. పాటలకి మాత్రం తీసేయాలి, లేకపోతే ప్రాణం పోయినట్టుంటాయి. వాల్యూమ్ గీత 40 దగ్గర ఆపేలా ఒప్పందం. హెడ్‌ఫోన్స్ ఉండగా చేయి చాపినంత దూరంలో మనిషి మామూలుగా మాట్లాడితే కొద్దిగానైనా వినపడాలి, అదీ కొలత. గంటకోసారి పది నిమిషాలు చెవులకి సెలవు. ఆదివారం ఆ బుడిపెల్ని ఊడదీసి కడిగే పని నాది. గులిమి పేరుకుంటే శబ్దం తగ్గుతుంది, చెవికీ మంచిది కాదు.

ఇది జరిగి అయిదు వారాలైంది. ఆ గుయ్‌మనేది ఇప్పుడు ఎప్పుడైనా రాత్రిళ్లు తప్ప వినపడట్లేదంటోంది. డాక్టరు మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. గ్రాఫులో ఆ గుంట పూడిందో లేదో రెండో పరీక్షలోనే తెలుస్తుందన్నారు. అది వచ్చే నెల పదో తారీఖున. ఈలోగా మా అమ్మకి ఓ కొత్త ఫిర్యాదు మొదలైంది. అన్నానికి పిలిస్తే పిల్ల పలకట్లేదట. నిన్న రాత్రి చూశా, సీరియల్ సౌండు తనే తగ్గించి, వంటింట్లోంచి లేచి వెళ్లి భుజం తట్టి పిలుస్తోంది.